పోస్టు పోయినా హక్కు పోదు



ఈ పదిహేనేళ్లలో ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్ల బతుకుతెరువు చాలా మారింది. ఒకప్పుడు పెద్ద చెరువు కింద సేద్యం, సాగర్ రోడ్డు మీద చిన్నాచితకా వ్యాపారం, పొద్దున్నే పట్నం పోయి చేసుకునే కూలిపని, ఇవే ఆధారం. ఇప్పుడు ఆదిబట్లలో టాటా వాళ్ల కర్మాగారాల్లో విమానాల తోక భాగాలు, హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. అక్కడే టీసీఎస్ ప్రాంగణం ఉంది. కొంగర కలాన్‌లో ఫాక్స్‌కాన్ వచ్చింది. శేరిగూడ, మంగళ్‌పల్లి, ఖానాపూర్ వైపు వెళితే ఇంజినీరింగ్ కాలేజీలే. భూములు పోయిన కుటుంబాల పిల్లలు, ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చి ఇక్కడ అద్దెకు ఉంటున్న వాళ్లు ఈ ఉద్యోగాల మీదే ఇంటి లోను కడుతున్నారు, పిల్లల ఫీజులు కడుతున్నారు.

ఉద్యోగాల వెంట ఒక కొత్త భయం కూడా వచ్చింది. కంపెనీ మూతపడలేదు. నష్టాల్లోనూ లేదు. ఉద్యోగి తప్పు చేశాడని ఎవరూ అనలేదు. అయినా ఒకరోజు పిలిచి, ‘విభాగాలను పునర్వ్యవస్థీకరిస్తున్నాం, కొత్త ఏర్పాటులో మీ పోస్టు లేదు’ అని చెబుతారు. 2025 జూలైలో టీసీఎస్ తన మొత్తం ఉద్యోగుల్లో సుమారు 2 శాతాన్ని, అంటే 12,000 మందికి పైగా తగ్గించుకుంటామని ప్రకటించింది. అందులో ఎక్కువ మంది మధ్యస్థాయి, పైస్థాయి వాళ్లేనని కూడా చెప్పింది. పదేళ్లు, పదిహేనేళ్లు ఒకే సంస్థలో పని చేసిన వాళ్ల ఇళ్లలో ఆ రోజు నుంచి ఒకటే ప్రశ్న: మన పోస్టు తీసేస్తే మనకు ఏమి ఇస్తారు, అసలు ఏమి ఇవ్వాలి?

ఈ ప్రసంగం ఆ ప్రశ్న గురించే. నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. సంస్థను మార్చుకునే హక్కు యజమానికి ఉంది. ఆ మార్పు వల్ల ఉద్యోగం పోయినవాడికి పరిహారం చెల్లించాల్సిన బాధ్యత కూడా యజమానిదే. ఆ పరిహారం దయ కాదు, బహుమతి కాదు, నోరు మూసుకున్నందుకు ఇచ్చే సొమ్ము అంతకన్నా కాదు. గడిచిన సంవత్సరాల సేవతో సంపాదించుకున్న హక్కు అది. ఒక్క సంతకంతో ఆ హక్కును పోగొట్టుకుంటున్న వాళ్లు మన మధ్య చాలామంది ఉన్నారు. ఆ సంతకం ఏమిటో ఈ రోజు వివరంగా చూద్దాం.

ఈ హక్కు వెనక ఒక తెలుగువాడి జీవితం ఉంది. వరాహగిరి వెంకటగిరి అనగానే మనకు రాష్ట్రపతిగా గుర్తొస్తారు. అంతకు ఎన్నో ఏళ్ల ముందు ఆయన రైల్వే కార్మిక నాయకుడు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో కార్మికులను పెద్ద ఎత్తున తీసేసినప్పుడు వాళ్ల హక్కుల కోసం శాంతియుతంగా సమ్మె నడిపించి, యాజమాన్యం చేత, ప్రభుత్వం చేత డిమాండ్లు ఒప్పించారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో అదే గిరి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. ఆయన మంత్రిగా ఉన్న కాలంలోనే 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టాన్ని సవరించి, పని లేక కొన్నాళ్లు పక్కన పెట్టే లేఆఫ్‌కూ, పోస్టు తీసేసి పంపే రిట్రెంచ్‌మెంటుకూ పరిహారం ఇవ్వాలని తొలిసారి చట్టంలో రాశారు. 1953 అక్టోబరు 24 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆ మరుసటి ఏడాది బ్యాంకు ఉద్యోగుల వేతనాల అవార్డును ప్రభుత్వం మార్చినందుకు గిరి మంత్రి పదవినే వదులుకున్నారు. ఆ సవరణకు ముందు యజమాని పొమ్మంటే పోవడమే. 1953 తర్వాత మాత్రం, పొమ్మనే ముందు లెక్క కట్టి చేతిలో పెట్టాలి.

ఆ ‘ముందు’ అన్న మాటను గుర్తుంచుకోండి. 1960లో బొంబాయి రాష్ట్రానికీ హాస్పిటల్ మజ్దూర్ సభకూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. నోటీసు, పరిహారం అనేవి తొలగింపుకు ముందు నెరవేర్చాల్సిన షరతులు. అవి నెరవేర్చకపోతే ఆ తొలగింపు చెల్లదు. తీసేసి తర్వాత తీరిక చూసుకుని ఇస్తామంటే కుదరదు. అదే సమయంలో కోర్టులు యజమానుల మాట కూడా విన్నాయి. వ్యాపారాన్ని ఎలా ఏర్పాటు చేసుకోవాలో, ఎంతమంది కావాలో నిర్ణయించుకునే అధికారం యాజమాన్యానిదేనని, ఆ నిర్ణయం నిజాయతీగా తీసుకున్నదైతే అందులో తలదూర్చబోమని పారీ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ‘నా పోస్టు ఎందుకు తీసేశారు’ అనే వాదన అన్ని వేళలా నిలబడదు. ‘తీసేసేటప్పుడు నాకు రావలసింది ఇచ్చారా’ అనే వాదన నిలబడుతుంది.

ఇప్పుడు చట్టం పేరు మారింది. 2019, 2020లలో పార్లమెంటు ఆమోదించిన నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. పాత పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. ఆ తేదీకి ముందే ఉద్యోగం పోయిన వాళ్ల హక్కులు పాత చట్టం ప్రకారమే నడుస్తాయి. తర్వాత పోయిన వాళ్లకు కొత్త కోడ్. అయితే మూలసూత్రం మారలేదు. తొలగింపుకు ముందరి పన్నెండు నెలల్లో కనీసం 240 రోజులు పని చేసి, ఏడాది నిరంతర సేవ పూర్తి చేసిన కార్మికుడిని తీసేయాలంటే కారణం చూపుతూ నెల రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. పూర్తయిన ప్రతి సంవత్సరానికీ పదిహేను రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. చివర్లో మిగిలిన కాలం ఆరు నెలలు దాటితే దాన్ని కూడా పూర్తి సంవత్సరంగానే లెక్కించాలి. సంగతి ప్రభుత్వానికి తెలియజేయాలి.

కొత్త కోడ్‌లో ఇంకొకటి అదనంగా ఉంది. నైపుణ్యాలు మళ్లీ నేర్చుకోవడానికి ఒక నిధి. తొలగించిన ప్రతి కార్మికుడి పేరునా అతని చివరి జీతంలో పదిహేను రోజుల మొత్తాన్ని యజమాని ఆ నిధిలో వేయాలి. తొలగించిన 45 రోజుల్లో ఆ సొమ్ము కార్మికుడి ఖాతాకు చేరాలి. ఇది పరిహారానికి బదులుగా ఇచ్చేది కాదు, పరిహారంతో పాటు ఇచ్చేది.

లెక్క వేసి చూద్దాం. ఆదిబట్లలో ఒక విడిభాగాల కర్మాగారంలో ఒక టెక్నీషియన్ ఉన్నాడనుకుందాం. పేరు అక్కర్లేదు. పన్నెండేళ్ల ఏడు నెలల సర్వీసు. వేతనంగా లెక్కకు వచ్చే మొత్తం నెలకు 26,000 రూపాయలు. కొత్త యంత్రం వచ్చింది, అతని సెక్షన్ ఎత్తేశారు. అతని సర్వీసు లెక్కకు పదమూడేళ్లు. పదిహేను రోజుల సగటు వేతనం అంటే నెల జీతంలో సగం, 13,000. పదమూడేళ్లకు 1,69,000 రూపాయలు తొలగింపు పరిహారం. నోటీసు ఇవ్వలేదనుకుంటే నెల జీతం 26,000. నైపుణ్య నిధి నుంచి 13,000. ఇక గ్రాట్యుటీ వేరు. దానికి నెలను 26 రోజులుగా లెక్కిస్తారు. కాబట్టి పదిహేను రోజులకు 15,000, పదమూడేళ్లకు 1,95,000. మొత్తం 4,03,000 రూపాయలు. పీఎఫ్, మిగిలిన సెలవుల డబ్బు, ఆ నెలలో పని చేసిన రోజుల జీతం దీనికి అదనం. జీతం బకాయిలు రెండు పని దినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. గ్రాట్యుటీకి 30 రోజుల గడువు. ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలి. చట్ట ప్రకారం వచ్చే తొలగింపు పరిహారం మీద 5 లక్షల దాకా ఆదాయపు పన్ను కూడా లేదు.

పరిహారం వేరు, గ్రాట్యుటీ వేరు అని ఇంత విడమరిచి చెప్పడానికి కారణం ఉంది. చాలా చోట్ల గ్రాట్యుటీ చెక్కు ఒకటి చేతిలో పెట్టి ‘సెటిల్‌మెంట్ అయిపోయింది’ అంటారు. ఐదేళ్లు నిండినవాడికి గ్రాట్యుటీ ఎలాగూ రావలసిందే. మంచి ఉద్యోగం దొరికి తనంతట తాను వెళ్లిపోయినా వస్తుంది. పోస్టు తీసేసినందుకు వచ్చేది దానికి అదనం.

ఇప్పుడు అదే టెక్నీషియన్‌ను పిలిచి వేరే మాట చెప్పారనుకోండి. ‘తీసేశామని లెటర్ ఇస్తే నీకే మచ్చ. రేపు ఇంకో కంపెనీలో అడుగుతారు. నువ్వే రాజీనామా రాసివ్వు. మంచి ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇస్తాం, ఒక నెల జీతం ఎక్కువ ఇస్తాం.’ ఎదురుగా ఇద్దరు ముగ్గురు అధికారులు కూర్చుని ఉంటారు. ఫోను బయట పెట్టి రమ్మంటారు. ఇంటికి వెళ్లి ఆలోచించుకునే వ్యవధి ఇవ్వరు. ఆ ఒత్తిడిలో అతను సంతకం పెడతాడు. ఆ సంతకంతో అతని చేతికి గ్రాట్యుటీ 1,95,000, పైన వాళ్లిచ్చే ఒక నెల జీతం మాత్రమే వస్తాయి. తొలగింపు పరిహారం, నైపుణ్య నిధి పోతాయి. ఎందుకంటే కార్మికుడు తనంతట తాను ఉద్యోగం వదులుకోవడాన్ని పాత చట్టమూ, కొత్త కోడూ రెండూ రిట్రెంచ్‌మెంటుగా లెక్కించవు. శిక్షగా తప్ప మరే కారణంతో యజమాని ఉద్యోగం తీసేసినా అది రిట్రెంచ్‌మెంటే అని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో స్పష్టం చేసింది. అంత విశాలమైన రక్షణ ఉంది. రాజీనామా కాగితం దాని తలుపు మూసేస్తుంది.

ఈ రకం వివాదాలు మన దగ్గర కొత్త కాదు. 2017 మే నెలలో హైదరాబాదులో కాగ్నిజెంట్ ఉద్యోగులు కొందరు తమ చేత బలవంతంగా రాజీనామాలు చేయిస్తున్నారని తెలంగాణ కార్మిక శాఖకు ఫిర్యాదు చేశారు. ఉద్యోగాల కోత ఏమీ లేదని, జరుగుతున్నది పనితీరు సమీక్ష మాత్రమేనని కంపెనీ చెప్పింది. ఈ రెండు మాటల మధ్యే మొత్తం వివాదం ఉంది. తొలగింపు అని ఒప్పుకుంటే పరిహారం, సీనియారిటీ, నోటీసు అన్నీ ముందుకొస్తాయి. పనితీరు బాగోలేదంటే, రాజీనామా ఇచ్చారంటే అవేవీ రావు. అందుకే పోస్టుల కోతను పనితీరు సమీక్షగా మార్చి చూపే ప్రయత్నం జరిగినప్పుడల్లా ఉద్యోగి జాగ్రత్తపడాలి. ఏళ్ల తరబడి మంచి రేటింగులు వచ్చి, పునర్వ్యవస్థీకరణ ప్రకటించాక ఒక్కసారిగా రేటింగు పడిపోతే, ఆ కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూపించగలగాలి.

ఐటీ ఉద్యోగుల విషయంలో మరో పెద్ద ప్రశ్న ఉంది. వాళ్లు చట్టం చెప్పే ‘కార్మికులు’ అవుతారా? కన్సల్టెంట్, లీడ్, మేనేజర్ లాంటి హోదాలు చూపించి మీకు ఈ చట్టం వర్తించదని అంటారు. చట్టం చూసేది హోదాను కాదు, చేసే పనిని. చేతిపని, నైపుణ్యపు పని, సాంకేతిక పని, గుమాస్తా పని చేసేవాళ్లు జీతం ఎంతైనా కార్మికులే. నిజంగా యాజమాన్యపు అధికారం చలాయించేవాళ్లు కారు. పర్యవేక్షణ పనిలో ఉన్నవాళ్లకు మాత్రమే జీతం పరిమితి ఉంది. పాత చట్టంలో అది నెలకు 10,000, కొత్త కోడ్‌లో 18,000. కాబట్టి నెలకు లక్ష తీసుకుంటూ రోజంతా కోడ్ రాసే మనిషి కూడా కార్మికుడే అని వాదించడానికి ఆధారం ఉంది. 2015లో ఒక పెద్ద ఐటీ కంపెనీ తొలగించిన ఉద్యోగి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. ఆయన మేనేజరు స్థాయివాడని కంపెనీ వాదించింది. ఆయన చేసింది సాంకేతిక పనేనని చెన్నై లేబర్ కోర్టు తేల్చి, మళ్లీ ఉద్యోగంలోకి తీసుకుని పాత జీతం పూర్తిగా ఇవ్వాలని 2022లో ఆదేశించింది. అక్కడిదాకా రావడానికి ఏడేళ్లు పట్టింది. హక్కు ఉందన్నది ఎంత నిజమో, దాన్ని నిలబెట్టుకోవడానికి ఓపిక కావాలన్నదీ అంతే నిజం.

పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు మూడు సంగతులు గమనించాలి. మొదటిది, ముందస్తు నోటీసు. యంత్రాలనో పద్ధతులనో మార్చడం వల్ల ఉద్యోగాలు పోయే అవకాశం ఉంటే, ఆ మార్పు గురించి 21 రోజుల ముందు కార్మికులకు నోటీసు ఇవ్వాలి. రెండోది, ఎవరిని తీయాలన్నది. ఒకే రకం పని చేసే వాళ్లలో చివర చేరినవాడిని ముందు తీయాలనేది సాధారణ నియమం. దాన్ని దాటి పాతవాళ్లను తీస్తే యజమాని కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. జీతం ఎక్కువని సీనియర్లను ఏరి తీసేయడం ఈ నియమానికి విరుద్ధం. మూడోది, మళ్లీ నియామకం. తీసేసిన ఏడాదిలోపు అదే పనికి మనుషుల్ని తీసుకోవాలనుకుంటే, తొలగించిన పాతవాళ్లకు ముందు అవకాశం ఇవ్వాలి. పోస్టే లేదన్నవాళ్లు మూడు నెలలు తిరగకముందే అదే పనికి కొత్త పేరు పెట్టి ప్రకటన ఇస్తే, ఆ ప్రకటనను దాచుకోండి. అది మీ కేసులో అన్నిటికన్నా బలమైన సాక్ష్యం.

పెద్ద కర్మాగారాలకు ఇంకో నియమం ఉంది. 300 మందికి పైగా కార్మికులున్న ఫ్యాక్టరీలు, గనులు, తోటలు తొలగింపుకు ముందే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి, మూడు నెలల నోటీసు ఇవ్వాలి. పాత చట్టంలో ఈ పరిమితి 100 మంది. 300కు పెంచడం వల్ల మధ్యతరహా ఫ్యాక్టరీల కార్మికులు చాలామంది ఈ రక్షణ వెలుపలికి వెళ్లిపోయారు. నేను దీన్ని మంచి మార్పు అనుకోవడం లేదు. అనుమతి అక్కర్లేని చోట పరిహారం లెక్క మరింత కచ్చితంగా అమలు కావాలి. ఫ్యాక్టరీ ప్రాంగణాలు నిండుతున్న ఇలాంటి మండలంలో కార్మిక శాఖ తనిఖీలు ఆ లెక్కల మీదే ఉండాలి.

నిర్ణీత కాలపు నియామకాల సంగతీ చెప్పాలి. రెండేళ్లకో మూడేళ్లకో కాంట్రాక్టు రాసుకుని, గడువు తీరగానే పంపేస్తే అది రిట్రెంచ్‌మెంటు కిందికి రాదు. పరిహారం ఉండదు. అయితే కొత్త కోడ్ ప్రకారం ఇలాంటి ఉద్యోగికి ఐదేళ్లు నిండకపోయినా, ఏడాది పూర్తయితే గ్రాట్యుటీ వస్తుంది. ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు ఆఫర్ లెటర్‌లో ఈ ఒక్క లైను తప్పకుండా చదువుకోవాలి.

సంస్థ చేతులు మారడం కూడా పునర్వ్యవస్థీకరణే. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ 1990లలో ముక్కలై, రిఫ్రిజిరేటర్ల విభాగం వోల్టాస్‌లో కలిసిపోవడం పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇలా కొత్త యజమాని వచ్చినప్పుడు పాత సర్వీసు తెగకుండా, షరతులు తగ్గకుండా, భవిష్యత్తులో తీసేస్తే పాత సర్వీసును కూడా కలిపి పరిహారం ఇస్తామని ఒప్పుకుంటే అప్పటికి పరిహారం ఇవ్వక్కర్లేదు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఇవ్వాలి. కొత్త కంపెనీ ‘ఫ్రెష్ అపాయింట్‌మెంట్’ అంటూ తేదీ మార్చి కాగితం ఇస్తే, పన్నెండేళ్ల సర్వీసు ఆ తేదీ దగ్గరే మాయమవుతుంది.

ఇంతవరకు కార్మికుల గురించి చెప్పాను. ఇబ్రహీంపట్నంలో ఇంకో వర్గం ఉంది, ఇంజినీరింగ్ కాలేజీల అధ్యాపకులు. సివిల్, మెకానికల్ సీట్లు తగ్గిపోయి కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు పెరిగాయి. సీట్లు తగ్గిన బ్రాంచీల్లో పదేళ్లు, పదిహేనేళ్లు పాఠం చెప్పినవాళ్లకు ఒక విద్యా సంవత్సరం చివర ‘వర్క్‌లోడ్ లేదు, వచ్చే ఏడాది రావద్దు’ అని నోటిమాటగా చెప్పడం వింటున్నాం. కాగితం ఉండదు, లెక్క ఉండదు. వీళ్లకు చిక్కు ఏమిటంటే, అధ్యాపకులు పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికులు కారని సుప్రీంకోర్టు 1988లో సుందరంబాళ్ కేసులో చెప్పింది. కాబట్టి పదిహేను రోజుల తొలగింపు పరిహారం ఆ దారిన రాదు.

అంతమాత్రాన చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. గ్రాట్యుటీ మాత్రం అధ్యాపకుల హక్కే. దీన్ని ఖాయం చేస్తూ 2009లో పార్లమెంటు సవరణ తెచ్చింది. 1997 ఏప్రిల్ 3 నుంచి అది వర్తిస్తుందని రాసింది. ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాలు దాన్ని సవాలు చేస్తే 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. పదిహేనేళ్లు పని చేసిన ప్రొఫెసరుకు ఇది చిన్న మొత్తం కాదు. పైగా ప్రైవేటు విద్యాసంస్థల్లో ఉద్యోగిని విచారణ లేకుండా, కారణం చెప్పే అవకాశం ఇవ్వకుండా తొలగించకూడదని మన విద్యాచట్టం చెబుతోంది. నోటిమాటతో పంపించే పద్ధతిని ప్రశ్నించడానికి ఆ ఆధారం ఉంది. ‘వచ్చే ఏడాది రావద్దు’ అన్న మాటను అదే రోజు ఈమెయిల్‌లో రాసి, ‘మీరు ఇలా చెప్పారు, కారణం రాతపూర్వకంగా ఇవ్వగలరు’ అని అడగాలి. జవాబు రాకపోయినా ఆ ఈమెయిల్ సాక్ష్యంగా నిలుస్తుంది.

షాపుల్లో, షోరూముల్లో, ప్రైవేటు ఆఫీసుల్లో పని చేసేవాళ్లకు మన రాష్ట్రంలో 1988 నాటి షాపులు, సంస్థల చట్టం ఉంది. ఆరు నెలలకు పైగా పని చేసినవాళ్లను తగిన కారణం లేకుండా తీయాలంటే నెల నోటీసు ఇవ్వాలి. ఐదేళ్లు దాటినవాళ్లకు ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున సేవా పరిహారం ఇవ్వాలి. సాగర్ రోడ్డు మీద బట్టల దుకాణంలో, హార్డ్‌వేర్ షాపులో ఏళ్ల తరబడి నిలబడి పని చేసేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎంతమంది?

మన ఊళ్ల పిల్లలు విదేశాల్లో ఉన్నారు కాబట్టి అక్కడి పద్ధతి కూడా రెండు మాటల్లో చెబుతాను. బ్రిటన్‌లో 1965 నుంచి ఇలాంటి పరిహారానికి ప్రత్యేక చట్టం ఉంది. రెండేళ్ల సర్వీసు నిండితే, వయసును బట్టి ఏడాదికి అర వారం నుంచి ఒకటిన్నర వారాల జీతం దాకా ఇస్తారు. అక్కడ ఎక్కువ గొడవలు వేరే చోట వస్తాయి. యజమాని ఇంకో తగిన ఉద్యోగం చూపిస్తే, సరైన కారణం లేకుండా దాన్ని కాదన్నవాడు పరిహారం పోగొట్టుకుంటాడు. అందుకే కొత్త పని తనకు తగినదో కాదో చూసుకోవడానికి నాలుగు వారాల గడువు చట్టమే ఇచ్చింది. మన చట్టంలో ఇలాంటి గడువు లేకపోవడం లోటే. ఇక్కడ పుణెకో నోయిడాకో వెళ్లమని, లేదా రెండు మెట్లు కింది హోదా తీసుకోమని చెప్పి, కాదంటే రాజీనామా చేసినట్టే అంటారు. ఇక అమెరికాలో పరిహారం ఇవ్వాలనే జాతీయ చట్టమే లేదు. వంద మందికి పైగా ఉన్న సంస్థలు పెద్ద ఎత్తున తొలగిస్తే 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలంతే. హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి ఉండే గడువు కూడా 60 రోజులే. డల్లాస్‌లో కొడుకు, ఆదిబట్లలో కోడలు ఒకే నెలలో ఉద్యోగం పోగొట్టుకుంటే, ఇద్దరి హక్కులూ ఒకటి కావు. ఈ విషయంలో ఆదిబట్లలో ఉన్న మనిషికే చట్టం అండ ఎక్కువ.

సరే, ఆ పిలుపు వచ్చిన రోజు ఏం చేయాలి? మొదటిది, అక్కడికక్కడ దేనిమీదా సంతకం పెట్టకండి. ‘ఇంటికి తీసుకెళ్లి చదివి చెబుతాను’ అనండి. ఆ మాట అనడానికి మీకు పూర్తి హక్కు ఉంది. రెండోది, రాజీనామా రాయమంటే ‘నేను రాజీనామా చేయడం లేదు, పోస్టు తీసేస్తే తొలగింపు ఉత్తర్వు ఇవ్వండి’ అని ఈమెయిల్‌లో రాయండి. మూడోది, కంపెనీ ల్యాప్‌టాప్ లాగిన్ ఆగిపోకముందే మీ సొంత కాగితాలు మీ దగ్గర పెట్టుకోండి. అపాయింట్‌మెంట్ లెటర్, జీతం స్లిప్పులు, రేటింగులు, బదిలీ ఉత్తర్వులు, పునర్వ్యవస్థీకరణ గురించి వచ్చిన మెయిళ్లు. కంపెనీ రహస్యాల జోలికి మాత్రం పోవద్దు. నాలుగోది, ఇస్తామన్న మొత్తంలో ఏది పరిహారం, ఏది గ్రాట్యుటీ, ఏది నోటీసు జీతం, ఏది పీఎఫ్ అని విడివిడిగా రాసివ్వమని అడగండి. డబ్బు అవసరమై తీసుకోక తప్పకపోతే, ‘నా హక్కులకు భంగం కలగకుండా తీసుకుంటున్నాను’ అని రాసి తీసుకోండి.

అప్పటికే ఒత్తిడిలో సంతకం పెట్టేసి ఉంటే? అంతటితో అయిపోయిందనుకోవద్దు. బలవంతం మీద రాయించుకున్న రాజీనామా నిజమైన రాజీనామా కాదని వాదించవచ్చు. ఎంత త్వరగా ఆ మాట రాతలో పెడితే అంత నమ్మకం కలుగుతుంది. ఆ రోజు రాత్రే ‘నన్ను ఇలా కూర్చోబెట్టి రాయించుకున్నారు’ అని మెయిల్ పెట్టినవాడి మాటకూ, ఆరు నెలల తర్వాత చెప్పినవాడి మాటకూ కోర్టులో తేడా ఉంటుంది.

ఆ తర్వాత దారి కార్మిక శాఖ అధికారి దగ్గర మొదలవుతుంది. ఆయన ఇరుపక్షాలనూ పిలిచి రాజీ ప్రయత్నం చేస్తారు. కొత్త కోడ్ ప్రకారం దరఖాస్తు ఇచ్చిన 45 రోజుల్లో అది తేలకపోతే, తొలగింపుకు గురైన మనిషి ప్రభుత్వం అనుమతి కోసం ఎదురుచూడకుండా నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఉద్యోగం పోయిన తేదీ నుంచి రెండేళ్లలోగా ఈ పని జరగాలి. పాత చట్టంలో మూడేళ్లు ఉండేది. తగ్గిన ఈ గడువు చాలామందికి తెలియదు, దయచేసి పదిమందికి చెప్పండి. లాయరు ఫీజు భయంతో ఆగిపోవద్దు. పారిశ్రామిక కార్మికులకు, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కును 1987 నాటి చట్టమే ఇచ్చింది. జిల్లా న్యాయసేవల సంస్థను అడగవచ్చు, 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర కార్మిక శాఖ ప్రధాన కార్యాలయం ఉన్న భవనానికి టంగుటూరి అంజయ్య పేరు పెట్టారు. అంజయ్య ఇందాక చెప్పిన ఆల్విన్‌లోనే రోజుకూలీగా మొదలై, యూనియన్ నాయకుడై, 1980లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ భవనం మెట్లు ఎక్కడానికి ఏ ఉద్యోగీ సిగ్గుపడనక్కర్లేదు. ఐటీ ఉద్యోగులకు ముఖ్యంగా ఈ మాట చెబుతున్నాను. లేబర్ ఆఫీసు అంటే మేస్త్రీలకు, ఫ్యాక్టరీ కార్మికులకు మాత్రమే అనే చిన్నచూపు మనలో ఉంది. అది వదులుకోవాలి. ఒంటరిగా హెచ్ఆర్ గదిలో కూర్చున్న మనిషి కన్నా, నలుగురు కలిసి ఇచ్చిన ఒక దరఖాస్తుకు బలం ఎక్కువ.

చివరగా యాజమాన్యాలకు ఒక మాట. మీ వ్యాపారం మారాలి, కాదనము. యంత్రాలు వస్తాయి, కృత్రిమ మేధ వస్తుంది, కొన్ని పనులు నిజంగానే అవసరం లేకుండా పోతాయి. అలాంటప్పుడు తొలగింపును తొలగింపు అనే చెప్పండి. లెక్క కట్టండి, ముందే చెల్లించండి, కారణం రాసివ్వండి. కోర్టులో ఏళ్ల తరబడి వాదించుకునే ఖర్చుతో పోలిస్తే ఆ మొత్తం తక్కువ. పని చేసిన మనిషి చేత అబద్ధపు రాజీనామా రాయించి మిగుల్చుకున్న డబ్బు ఏ సంస్థకూ గౌరవం తేదు.

కాలేజీలకు కూడా నా సూచన ఒకటి. నాలుగేళ్లలో ఉద్యోగం ఎలా సంపాదించాలో పిల్లలకు నేర్పుతున్నారు. ప్లేస్‌మెంట్ శిక్షణలో ఒక్క తరగతి అపాయింట్‌మెంట్ లెటర్ ఎలా చదవాలి, ఉద్యోగం పోతే ఏమేమి రావాలి అనే దానికి కేటాయించండి. ఈ మండలంలో ఏటా వేలమంది పట్టా పుచ్చుకుని బయటికి వస్తున్నారు. నోటీసు, పరిహారం, గ్రాట్యుటీ అనే మూడు లెక్కలు వేసుకోవడం వాళ్లందరికీ వస్తే, ఏ ఆఫీసు గదిలోనూ ఎవరూ భయంతో సంతకం పెట్టరు.